ట్రయల్ గారి మంత్రదండం

ఏ సంగతైనా సరే, తాను స్వయంగా చేసి చూడనిదే ఒప్పుకోకపోవడం ట్రయల్ గారి జబ్బు. జబ్బు అన్నది ఆయన భార్య మాట. ఆయన మాత్రం దాన్ని బాధ్యత అనేవారు. ఇస్త్రీపెట్టె కాలుతుంది జాగ్రత్త అని ఎవరైనా అంటే, "ఎంత కాలుతుంది?" అని వేలు పెట్టి చూసే రకం. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్ కూడా గేటు దగ్గర నిలబడి "ట్రయల్ గారూ!" అనే కేకేసేవాడు.

ఉద్యోగం కూడా జబ్బుకు తగ్గట్టే దొరికింది. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. మిగతా ఇన్‌స్పెక్టర్లు తాడు చూసి, మోటారు చూసి, యజమాని ఇచ్చిన టీ తాగి సంతకం పెట్టి పోయేవాళ్ళు. ఈయన ఎక్కాలి. ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాలి. ఒకచోట లిఫ్టులో 'ఎనిమిది మందికి మాత్రమే' అని పలక ఉంటే, "ఎలాంటి ఎనిమిది మంది?" అని అడిగారు. యజమాని తెల్లమొహం వేశాడు. ఈయన వీధిలోకి వెళ్ళి, ఒళ్ళు బాగా ఉన్న మనుషులను ఏరి, బతిమాలి తీసుకొచ్చి, యజమానిని కూడా లోపలికి తోసి, తానూ దూరి మీట నొక్కారు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల అందరూ చెమటలు కక్కుతుంటే ఆయన ఒక్కరి ముఖమే వెలిగిపోతోంది.

"చూశారా! ఇందుకే నేను సంతకం పెట్టనన్నది."

ఇంట్లోనూ ఇదే వరస. కూతురికి చిన్నప్పుడు జ్వరం వస్తే, ముందు ఆ మందు ఆయన తాగేవారు. "మొదట చేదు, మధ్యలో మరీ చేదు, చివర కాస్త నారింజ వాసన. తట్టుకోవచ్చమ్మా" అని నివేదిక ఇచ్చాకే చెంచా కూతురి నోటి దగ్గరికి వచ్చేది. ఆ పిల్ల పెద్దదై పెళ్ళి కుదిరినప్పుడు, కాబోయే అల్లుడి మోటారుసైకిలు వెనక ఎక్కి ఊరంతా తిరిగొచ్చారు.

"కుర్రాడు మలుపుల దగ్గర వేగం తగ్గిస్తున్నాడు. చేసుకోవచ్చు" అన్నారు.

కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అబద్ధం కాలేదు.

భార్య టైలరు. ముందుగదిలో కుట్టుమిషను, గోడకు కొక్కేలు, కొక్కేలకు సగం కుట్టిన జాకెట్లు. వీధిలో ఆడవాళ్ళందరికీ ఆవిడ టైలరమ్మ. "అందరికీ నా షాపులో ఒక్కసారే ట్రయలు. నాకు మటుకు ఇంట్లో రోజూ ట్రయలే" అని సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వేది.

ఆయన రిటైరయ్యాక ఆ నవ్వు కొంచెం తగ్గింది. ఎక్కి చూడటానికి లిఫ్టులు లేక ఆయన ఇంటి మీద పడ్డారు. కుక్కరు విజిల్ ఎంత దూరం వినిపిస్తుందో చూడటానికి వీధి చివరిదాకా వెళ్ళి నిలబడేవారు. తలుపు గడియ బయటినుంచి ఊడుతుందా లేదా అని చూడబోయి, ఒక మధ్యాహ్నమంతా బయటే ఉండిపోయారు.

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. లైబ్రరీకి వెళ్ళి ఏదైనా పుస్తకం చదువుకోండి" అంది టైలరమ్మ.

వెళ్ళారు. అలమరలో చేతికందింది పిల్లల పుస్తకం. అందులో ఒక మాంత్రికుడు చీపురు మీద ఎగురుతాడు. ట్రయల్ గారు పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి, భోజనానికి కూడా కూర్చోకుండా అటూ ఇటూ తిరిగారు.

"ఇంత బాధ్యత లేకుండా ఎలా రాస్తారు? చీపురు ఎంత బరువు మోస్తుందో రాయలేదు. బ్రేకు ఎక్కడుందో రాయలేదు. మధ్యలో ఆగిపోతే కిందికి దిగే దారేమిటో రాయలేదు. పిల్లలు చదివే పుస్తకమా ఇది!"

"అయితే మీరు రాయండి" అని టైలరమ్మ నోరు జారింది.

అలా మొదలైంది ఆయన నవల. ఒక గడ్డం మాంత్రికుడు, ఆయన దగ్గర మంత్రాలు నేర్చుకోవడానికి చేరిన ఒక చిన్నపిల్ల. వేలెడంత ఉంటుంది కాబట్టి గురువు ఆ పిల్లను 'ఆవగింజ' అని పిలుస్తాడు. కథ అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా, చేసి చూడనిదే ఆయన ఒక్క వాక్యం కూడా రాయరు.

చీపురు అధ్యాయం కోసం ప్రహరీగోడ ఎక్కి దూకారు. అదృష్టం బాగుండి పక్కింటి పళ్ళ డాక్టరు తోటలో ఎండాకుల కుప్ప మీద పడ్డారు. డాక్టరు బ్రష్ నోట్లో పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది ట్రయల్ గారూ!"

"ఎగరదు" అన్నారాయన, ఆకులు దులుపుకుంటూ. "ఆవగింజ మొదటి రోజు కింద పడుతుంది. రాసుకోవాలి."

మాయాదుప్పటి అధ్యాయానికి టైలరమ్మ చేత పాత కర్టెన్లతో కాళ్ళదాకా ఒక దుప్పటి కుట్టించుకుని, తలమీదినుంచి కప్పుకుని వీధిలోకి వెళ్ళారు. వీధివాళ్ళు అప్పటికే ఆయనకు అలవాటుపడిపోయారు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఒక చివరనుంచి ఇంకో చివరకు నడిచి, ఆనందంతో ఊగిపోతూ ఇంటికొచ్చారు.

"పనిచేసిందోయ్! ఒక్క మనిషీ పలకరించలేదు!"

"దుప్పటి లేనప్పుడు మాత్రం ఎవరు పలకరిస్తున్నారు?" అంది ఆవిడ.

గురువు శిష్యురాలికి రోజంతా మౌనవ్రతం పెట్టే అధ్యాయం ఒకటి ఉంది. దానికోసం ఆయన పొద్దున్నించి సాయంత్రందాకా నోరు విప్పలేదు. దీపాలు పెట్టే వేళకు టైలరమ్మ దగ్గరకొచ్చి, ఎంతో ఆప్యాయంగా, "ఆ అధ్యాయం కొంచెం పెంచకూడదూ?" అని అడిగింది.

ఆయన కూతురికి ఆ వీధి మలుపులోనే కళ్ళజోళ్ళ దుకాణం. రోజూ మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి భోజనానికి పుట్టింటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా నాన్న ఏదో ఒక అవతారంలో కనిపించేవారు. విసుక్కునేది, నవ్వుకునేది, అన్నం తిని వెళ్ళేది.

ఒకరోజు ఆమె వచ్చేసరికి ముందుగదిలో కత్తెర నేలమీద పడి ఉంది. అమ్మ కుర్చీలో కూర్చుని తన కుడిచేతివంక చూసుకుంటోంది, అది ఎవరిదో అన్నట్టు.

"కత్తెర తియ్యమని చెబుతున్నానే. వినడం లేదు" అంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

ఆసుపత్రికి పరుగులు, పరీక్షలు, మందులు. పక్షవాతమన్నారు, ప్రాణానికి మాత్రం భయం లేదన్నారు. మాట కొన్నాళ్ళకు తిన్నబడింది. కాళ్ళు నడిచాయి. కుడిచెయ్యి మాత్రం భుజానికి వేలాడుతూ ఉండిపోయింది.

ఫిజియోథెరపీ చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. రబ్బరు బంతి, బట్టలకు పెట్టే క్లిప్పులు, ఒక తువ్వాలు సంచీలోంచి తీసి మంచంమీద పరిచేది.

"ఈ బంతిని గట్టిగా పిసకండి ఆంటీ. మొదట్లో కష్టంగానే ఉంటుంది. కానీ ఇప్పుడు చేయకపోతే చెయ్యి పని మరిచిపోతుంది. తర్వాత గుర్తుచేయడం ఇంకా కష్టం."

టైలరమ్మ బంతిని పట్టుకుంది. వేళ్ళు ముడుచుకోలేదు. బంతి దొర్లి మంచం కిందికి పోయింది. ఆ అమ్మాయి వంగి తీసి ఇచ్చింది. మళ్ళీ దొర్లింది. మూడోసారి ఆ అమ్మాయి వంగబోతుంటే టైలరమ్మ ఆపింది.

"వద్దమ్మా. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది. దీనికి బంతాట నేర్పకు. నువ్వు ఇంక రావద్దు."

అంతే. కూతురు బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. కుట్టుమిషనుకు గుడ్డ కప్పేశారు. కొక్కేలమీద సగం కుట్టిన బట్టలను ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. ట్రయల్ గారు నవల కాగితాలు అలమరలో పెట్టేసి తలుపు మూశారు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పళ్ళ డాక్టరు రెండుసార్లు గోడమీదినుంచి తొంగిచూసి "అంతా బాగున్నారా?" అని అడిగాడు. గోడ దూకే మనిషి దూకకపోతే డాక్టరుకూ తోచలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ట్రయల్ గారికి మళ్ళీ పిచ్చి పట్టింది. కనీసం కూతురు అలాగే అనుకుంది. ఆమె భోజనానికి వచ్చేసరికి ఆయన కుడిచేతిని తువ్వాలుతో ఒంటికి కట్టేసుకుని, ఎడంచేత్తో అన్నం తింటున్నారు. సగం అన్నం చొక్కామీదే ఉంది. గ్లాసు ఎత్తబోయి నీళ్ళు ఒలకబోసుకున్నారు.

"నాన్నా, అమ్మ ఇలా ఉంటే ఈ వేషాలేమిటి?"

"చూస్తున్నానమ్మా" అన్నారు, తడిసిన చొక్కా వంక చూసుకుంటూ. అంతకుమించి చెప్పలేదు.

మర్నాడు ఆయన అలమరలోంచి కాగితాలు తీశారు. కర్టెన్ కడ్డీలోంచి మూరెడు ముక్క కోసి, నున్నగా గీకి, భార్య మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కూతురు వంటింట్లో కంచం కడుగుతూ అంతా విన్నది.

"ఏమోయ్, ఒక సాయం కావాలి. ఆవగింజ మొదటిసారి మంత్రదండం పట్టుకునే చోట ఆగిపోయాను."

"మీరే పట్టుకుని చూడండి. అదేగా మీ పద్ధతి."

"పట్టుకున్నాను. నా చేతికి పట్టుకోవడం వచ్చు. అదే వచ్చింది చిక్కు. దండం పట్టడం రాని చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలియడం లేదు. కట్టేసుకుని కూడా చూశాను, లాభం లేదు. నీ చెయ్యి కావాలి."

కూతురి చేతిలో కంచం ఆగిపోయింది. ఇంత మాట అనడానికి ఈ మనిషికి నోరెలా వచ్చింది!

"నా చెయ్యి నాకే పనికిరావడం లేదు" అంది అమ్మ.

"అందుకే అడుగుతున్నాను."

మంచం కిర్రుమంది, అమ్మ ఇటు తిరిగినట్టుంది. తర్వాత కడ్డీ నేలమీద టప్పుమని పడ్డ శబ్దం. ఆ వెంటనే కాగితంమీద కలం గీరే శబ్దం. ఆయన రాసింది పైకి చదివారు.

"'ఆవగింజ చేతిలోంచి మంత్రదండం జారి, నిద్రపోతున్న గురువుగారి గడ్డంలో పడింది. గడ్డానికి వెంటనే రెక్కలొచ్చాయి. అది కిటికీలోంచి ఎగిరిపోయింది. గురువుగారు గడ్డంలేని మొహంతో లేచి, మొదటిరోజుకు ఇది చాలు అన్నారు.'"

వంటింట్లోకి ఒక వింత చప్పుడు వినిపించింది. కూతురు తొంగిచూసింది. అమ్మ నవ్వుతోంది. మూతి ఇంకా ఒక పక్కకే లేస్తోంది, అయినా నవ్వే.

"ఇటివ్వండి" అంది టైలరమ్మ. "మళ్ళీ చూద్దాం."

అప్పటినుంచి ఇంటినిండా మంత్రాలే. మేఘాన్ని పిండి వాన కురిపించే మంత్రం ఒకటి. దానికి గిన్నెలో నీళ్ళు, ఒక స్పాంజి. చుక్కలను ఏరే మంత్రం ఇంకొకటి. దానికి టైలరమ్మ బొత్తాల డబ్బా బోర్లించి, ఒక్కో బొత్తాన్నీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఎత్తి సీసాలో వేయాలి. చంద్రుణ్ణి తిప్పే మంత్రానికి సీసా మూత. ఆవగింజకు ఏ మంత్రమూ తొందరగా రాదు. వాన కురవాల్సిన చోట ఒక్క చినుకు పడి గురువుగారి ముక్కు తడుస్తుంది. చుక్కలు చేతిలోంచి జారి చేపల చెరువులో పడితే, చేపలన్నీ రాత్రంతా నిద్రలేకుండా వెలుగుతూ తిరుగుతాయి. సాయంత్రానికి ఆ రోజు జరిగినదంతా ట్రయల్ గారు చదివి వినిపించేవారు.

కూతురికి మాత్రం ఇదంతా కడుపులో మంటగా ఉండేది. రోజులు గడిచిపోతున్నాయి. చెయ్యి పని మరిచిపోతుందని ఆ అమ్మాయి చెప్పిన మాట దుకాణంలో కూర్చున్నా చెవుల్లో మోగుతోంది. ఎవరి కళ్ళకో అద్దాలు సరిచూస్తూ, నాన్నకు తన నవల తప్ప ఇంకేమీ పట్టలేదే అని కుమిలిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి అమ్మా నాన్నా పక్కపక్కనే గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు, బడిలో శిక్షపడిన పిల్లల్లాగా. ఇద్దరి కుడిచేతివేళ్ళూ గోడమీద మెల్లగా పైకి పాకుతున్నాయి. ఇద్దరి తలలమీదా తువ్వాళ్ళు. కిటికీలోంచి పళ్ళ డాక్టరు కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"సాలీడు మంత్రం" అన్నారు ట్రయల్ గారు, వెనక్కి తిరగకుండా. "ఆవగింజ కోటగోడ ఎక్కుతోంది."

కూతురు ఇన్నాళ్ళూ బిగపట్టింది ఒక్కసారి బయటపడింది.

"అమ్మ నీ నవలకి బొమ్మా నాన్నా? డాక్టర్లు చెప్పింది ఒక్కటీ చేయించలేకపోయావు. ఆ అమ్మాయిని పంపేస్తే నోరెత్తలేదు. నీ మంత్రాలకి మాత్రం ఆవిడ చెయ్యి కావాల్సొచ్చింది. నీకు సిగ్గుగా లేదూ?"

 సమాధానం అమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

"నువ్వుండవే! పొద్దుట్నుంచి ఎక్కితే ఇప్పటికి మేకుదాకా వచ్చింది ఆవగింజ. అరిచి కింద పడెయ్యకు."

కూతురు అన్నం తినకుండానే వెళ్ళిపోయింది. దుకాణానికి పోలేదు. తిన్నగా ఫిజియో అమ్మాయి క్లినిక్‌కి వెళ్ళింది. మళ్ళీ ఇంటికి రమ్మని కాళ్ళు పట్టుకుని అయినా అడగాలనుకుంది. ఆ అమ్మాయి ఆమె చెప్పిందంతా విని, వింతగా చూసింది.

"మీ నాన్నగారు మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదా?"

"ఆయన రోజూ పొద్దున్నే ఇక్కడికే కదండీ వచ్చేది! పేషెంట్లతోపాటే వరసలో కూర్చుంటారు. ప్రతి ఎక్సర్‌సైజూ ముందు ఆయన చేసి చూడాలి. ఎక్కడ లాగుతుంది, ఎక్కడ నొప్పి పుడుతుంది, ఎంతసేపటికి అలసట వస్తుంది, అన్నీ తేల్చుకుంటేగానీ ఇంటికి తీసుకెళ్ళరు. బంతి పిసకడం అంటే, 'బంతి కుదరదమ్మా, మేఘమైతే పిసుకుతుంది' అన్నారు. గోడ ఎక్కించడానికి భుజం తట్టుకుంటుందా అని నన్ను వారంరోజులు వేపుకుతిన్నారు." ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. "ఇక్కడి పేషెంట్లకి ఆయన సంగతి తెలియదు. 'పాపం, ఈ పెద్దాయనకి ఇన్నాళ్ళైనా తగ్గలేదు' అని అందరూ తెగ జాలిపడుతున్నారు. ఒకావిడ మొన్న ఆయన్ని పట్టుకుని ధైర్యం చెప్పింది కూడా."

"మరి ఆ తువ్వాళ్ళెందుకు, తలమీద?"

"అది మా ఎక్సర్‌సైజు కాదండీ. అది కథలోదే అయ్యుంటుంది."

కూతురు తిరిగి వచ్చేసరికి నాన్న వరండాలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చుంది. 

"నాకైనా చెప్పొచ్చుగా నాన్నా!"

"నీకు చెబితే ఇంకేముందమ్మా, మీ అమ్మ నీ మొహంలో చదివేస్తుంది. చిన్నప్పటినుంచీ నీ మొహం నీ దుకాణంలో అద్దాల కంటే తేట."

"నేను అంతేసి మాటలంటుంటే పడ్డావు."

"ఫరవాలేదులే. నువ్వు నిజంగా కోప్పడితేనే మీ అమ్మకి నమ్మకం కుదిరింది."

ఆమె కాగితాల కట్ట తీసుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ ఉంటే ఒక సంగతి నెమ్మదిగా అర్థమైంది. ఈ పుస్తకంలో జారిపోయినవి, పడిపోయినవి, ఒలికిపోయినవి అన్నీ ఈ ఇంట్లో జరిగినవే. కానీ వాటిల్లో ఒక్కటీ అమ్మది కాదు. బంతి దొర్లిపోతే ఓడిపోయింది అమ్మ. అందుకే ఆవిడ గోడవైపు తిరిగింది. చుక్క జారిపోతే మాత్రం ఓడింది ఆవగింజ. ఆవగింజ పిల్ల. పిల్లలు ఓడిపోతే ఎవరూ సిగ్గుపడరు, రేపు మళ్ళీ చేస్తారు. తానిన్నాళ్ళూ అమ్మను పేషెంటుగా ఉండమని బతిమాలింది. నాన్న ఆవిడ సాయం అడిగారు. తేడా అంతే. ఆ కాస్త తేడా తన కంటికి ఆనలేదు.

లోపలికి వెళ్ళింది. అమ్మ బొత్తాలు ఏరుతోంది. నాన్న చేస్తున్నది చెబితే ఆవిడ ఎంత సంతోషిస్తుందో అనిపించింది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి. నాన్న రోజూ పొద్దున్నే..."

"చెప్పకు" అంది టైలరమ్మ, తలెత్తకుండా.

"అది కాదమ్మా, ఆయన..."

"చెప్పొద్దన్నానా! కథ సగంలో ఉంది. ఇప్పుడు చెబితే పాడైపోతుంది." రెండు వేళ్ళ మధ్య వణుకుతున్న బొత్తాన్ని సీసాదాకా మోసుకెళ్ళి లోపల పడేసింది. "ఆ డబ్బా ఇటు జరుపు. తెల్లవన్నీ అయిపోయాయి."

చెయ్యి మెల్లమెల్లగా దారిలోకి వచ్చింది. మునుపటి చెయ్యి అని ఎవరూ అనరు. మిషనుమీద గుడ్డ తీసినరోజు ఆవిడ కుట్టిన మొదటి కుట్టు కాస్త వంకర పోయింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, విప్పబోయి, మానేసింది. వీధిలో ఆడవాళ్ళు మళ్ళీ బట్టలు తెచ్చారు. త్వరగా ఇవ్వమని ఎవరూ తొందరపెట్టలేదు.

నవల కూడా పూర్తయింది. పిల్లల పుస్తకాలు వేసే చిన్న ప్రచురణ సంస్థ ఒకటి తీసుకుంది. అక్కడి ఎడిటరు చదివి, మెచ్చుకుని, ఒక్క చిన్న మార్పు అడిగాడు.

"సార్, ఈ పిల్ల మరీ ఎక్కువసార్లు తప్పులు చేస్తోంది. కొన్ని తీసేస్తే కథ పరుగెడుతుంది. పిల్లలకి విసుగు రాకూడదు కదా!"

జన్మలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని ట్రయల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఒక్కటి కూడా తియ్యడానికి వీల్లేదు. అన్నీ జరిగినవే."

ఎడిటరు ఆయనవంక కొంచెం భయంగా చూసి, సరేనన్నాడు. పుస్తకం వచ్చింది. పిల్లలకు విసుగు రాలేదు సరికదా, వాళ్ళకు బాగా నచ్చింది ఆ తప్పులే. వీధిలో పిల్లలు కడ్డీలు పట్టుకుని, కావాలని జారవిడుచుకుంటూ తిరిగారు. పళ్ళ డాక్టరు తన దగ్గరకొచ్చే పిల్లల కోసం ఒక ప్రతి కొని బల్లమీద పెట్టాడు.

ఇంక ఇల్లు కుదుటపడిందనుకుంటున్న రోజుల్లో ఫిజియో అమ్మాయి ఒక సాయంత్రం వచ్చింది. మొహంలో అలసట కనిపిస్తోంది.

"అంకుల్, క్లినిక్‌లో ఒకాయన చేరాడు. బస్సు డ్రైవరు. కాలు దెబ్బతింది. ఎముక అతుక్కుంది గానీ కాలు ఎత్తనంటున్నాడు. వాకర్ ఇస్తే విసిరికొట్టాడు. అరుపులకి మిగతావాళ్ళు పారిపోతున్నారు." కాస్త మొహమాటపడి అడిగింది. "మీ నవలలో కాళ్ళతో చేసే మంత్రాలేమైనా ఉన్నాయా?"

"లేవే!" అన్నారు ట్రయల్ గారు. అంత పెద్ద లోపం తన కంటపడనందుకు ఆయన ముఖం వాడిపోయింది.

మిషను దగ్గర్నుంచి టైలరమ్మ లేచింది. "రేపు పొద్దున్న నేనూ వస్తాను. కొలతలు తీసుకోవాలిగా."

క్లినిక్ వసారాలో డ్రైవరు గోడకు ఆనుకుని, లోకమంతా తన దారికి అడ్డం వచ్చినట్టు చూస్తూ కూర్చున్నాడు. ట్రయల్ గారు వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు.

"అయ్యా, మీతో చిన్న పని పడింది. నేనొక కథ రాస్తున్నాను. అందులో ఒకతను గండభేరుండ పక్షి గూటిలో గుడ్ల మధ్యనుంచి నడవాలి. నా కాలు మరీ సులువుగా నడిచిపోతోంది. కథలో వాడి కాలు మొరాయించాలి."

"నా కాలు మీ కథలకి దొరికిందా? పొండి అవతలికి!"

"సరే" అన్నారాయన శాంతంగా. తర్వాత నేలమీద వరసగా దిళ్ళు పేర్చి, తానే వాటిని దాటుకుంటూ నడవసాగారు. టైలరమ్మ కుర్చీలో కూర్చుని ప్రతి అడుగుకూ వంకలు పెట్టింది. "అదేం నడక! రెండు గుడ్లు పగిలాయి. వెనక్కి రండి." ఆయన వెనక్కి వచ్చారు. మళ్ళీ పగిలాయి. డ్రైవరు మొదట మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఓరగా చూశాడు. కాసేపటికి ఉండబట్టలేకపోయాడు.

"అసలు ఆ గుడ్లు ఎంత ఎత్తుంటాయి?"

"స్పీడ్‌బ్రేకరంత" అన్నారు ట్రయల్ గారు. "కొంచెం ఎక్కువేనేమో."

డ్రైవరు ఆలోచించాడు. ఇంతకాలం బస్సు నడిపిన మనిషి, ఇలాంటి సంగతుల్లో ఎవరైనా అడ్డదిడ్డంగా పోతుంటే చూస్తూ ఊరుకోలేడు.

"స్పీడ్‌బ్రేకరైతే అలా దూకించకూడదండీ. ముందు చక్రం మెల్లగా ఎక్కించాలి, వెనక చక్రం ఇంకా మెల్లగా దించాలి. లోపల జనం ఉంటారు." గోడ పట్టుకుని లేచాడు. "జరగండి, నేను చూపిస్తా."

దెబ్బతిన్న కాలు వణుకుతూ పైకి లేచింది. మొదటి దిండు మీదినుంచి వెళ్ళి అవతల దిగింది.

"హారన్ మాత్రం కొట్టకండి డ్రైవరు గారూ" అంది టైలరమ్మ గొంతు బాగా తగ్గించి. "గుడ్లలో పిల్లలు నిద్రపోతున్నాయి."

చేరిన రోజునుంచీ క్లినిక్‌లో ఎవరితోనూ అరవకుండా మాట్లాడని ఆ మనిషి, వేలు పెదవులమీద పెట్టుకుని అలాగేనన్నట్టు తలూపి, వసారా చివరిదాకా చప్పుడు చేయకుండా నడుచుకుంటూ వెళ్ళాడు.